బేరిపండు కస్టర్డు – ఇసుక పొయ్యి మీద



ఈ సంచికకు సైన్సు టీచరు నన్ను "వేడి వల్ల పదార్థాలలో కలుగు మార్పులు" అనే అంశం మీద రాయమని చెప్పినారు. నేను బేరిపండుతో చేసే ఒక తీపి వంట గురించి రాస్తున్నాను. అంశం మారలేదు. పాలు, గుడ్డు, పిండి, పండు, ఈ నాలుగింటికీ వేడి తగిలితే ఏమవుతుందో తెలిస్తే ఈ వంట వస్తాది. తెలీకుంటే విరిగిపోతాది. చివరిదాకా చదవండి. గోడ దగ్గర తోసుకోవద్దు, పొట్టివాళ్లను ముందర నిలబడనీయండి.

మన లైబ్రరీలో అట్ట ఊడిపోయిన వంటల పుస్తకం ఒకటి ఉంది. అందులో బేరిపండు, కస్టర్డు కలిపి చేసే వంట ఉంది. మొదటి మాటే "ఓవెన్‌ను 180 డిగ్రీల దగ్గర వేడి చేసుకోవాలి" అని. మన హాస్టల్లో ఓవెన్ లేదు. మా గూడెంలో ఎవరింట్లోనూ లేదు. 180 డిగ్రీలంటే ఎంత వేడో చెయ్యి పెట్టి చూసేది కాదు. ఆ ఒక్క మాట దగ్గరే చానామంది పుస్తకం మూసేస్తారు. మాయమ్మకైతే ఆ మాట చదవడం కూడా రాదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా "ఏం నేర్చుకొచ్చినావు పాపా?" అని అడుగుతాది. బీజగణితం చూపిస్తే బాగుందంటాది, కానీ ఆమె చేతికి ఏమీ అందదు. అందుకని ఈ పాఠానికి నేను ఒక నియమం పెట్టుకున్నా. దసరా సెలవుల్లో దీన్ని మాయమ్మకు చదివి వినిపిస్తే, రెండోసారి అడక్కుండా ఆమె చేయగలగాల. కాబట్టి వంట చెప్పే చోట గ్రాములు, డిగ్రీలు ఉండవు. గ్లాసు, గంటె, వేళ్లు, అంకెలు, ఇవే కొలతలు.

బేకింగ్ అంటే ఏమి?

ఉడకబెట్టేటప్పుడు నీళ్లు వేడిని మోస్తాయి. వేయించేటప్పుడు నూనె మోస్తాది. బేకింగ్‌లో మూసిన చోట ఉండే వేడి గాలి, చుట్టూ ఉండే వేడి గోడలు మోస్తాయి. అన్ని పక్కల నుంచి పొడి వేడి మెల్లగా తగులుతాది. అంతే. దానికి కరెంటు పెట్టె ఉండి తీరాలని లేదు.

మా అవ్వ అడివిలో గడ్డలు తవ్వి తెచ్చి, మంట ఆరినాక వేడి బూడిదలో పూడ్చి పెడతాది. మంటలోనే వేస్తే పైన బొగ్గు, లోపల పచ్చి. బూడిదలో అయితే తోలు మాడదు, లోపల మెత్తగా ఉడుకుతాది. బూడిద వేడిని నిదానంగా పంపిస్తాది. అధమ వాహకం అని మనం చదువుకున్నాం కదా, అదే. హైమెన్‌డార్ఫ్ అనే ఆయన మా చెంచుల మీద 1943లో ఇంగ్లీషు పుస్తకం ఒకటి అచ్చు వేసినాడు. ఆయన ఎక్కువగా తిరిగింది కృష్ణకు అవతల, అమ్రాబాదు పక్క. అడివి గడ్డలే వీళ్ల ముఖ్యమైన తిండి అని అందులో రాసినాడు. మా అవ్వకు బేకింగ్ అనే మాట తెలీదు. పని తెలుసు.

కర్నూలు, నంద్యాల పక్క నుంచి వచ్చినవాళ్లకు బొరుగుల బట్టీ తెలిసే ఉంటాది. పెద్ద బాండలిలో ఇసుక బాగా కాల్చి, అందులో బియ్యం వేసి తిప్పితే చిటచిటమని పేలతాయి. జల్లెడ పట్టి ఇసుక తీసేస్తారు. ఉగ్గాని తినేటప్పుడు ఇసుక ఎవరికి గుర్తొస్తుంది? కడప వాళ్లు చెనక్కాయలంటారు, కర్నూలు వాళ్లు బుడ్డలంటారు, వాటినీ ఇసుకలోనే వేయిస్తారు. (పేరు గురించి మన రూములో రోజూ కొట్లాటే. ఇక్కడ వద్దు.) ఇసుక గొప్పతనం ఏమంటే, కింద మంట ఒకచోటే ఎక్కువ తగిలినా ఆ వేడిని తను పట్టుకొని మెల్లగా అంతటికీ పంచుతాది. అందుకే ఓవెన్ లేని చోట ఇసుక పోసిన డబరానే ఓవెన్.

కస్టర్డు అంటే ఏమి?

ఈ మాట మనకు ఎదురయ్యింది పండు పేరులో. సీతాఫలాన్ని ఇంగ్లీషులో కస్టర్డ్ ఆపిల్ అంటారు. గుజ్జు కస్టర్డు మాదిరి ఉంటుందని ఆ పేరు. వాళ్లకు కస్టర్డు తెలుసు, పండు కొత్త. మనకు పండు తెలుసు, కస్టర్డు కొత్త. నిజానికి అది కూడా మనకు అంత కొత్తది కాదు.

పాలను మూడు రకాలుగా గట్టి చేయవచ్చు. (పెరుగు వేరే సంగతి, అది పులుపు పని.)

మొదటిది జున్ను. ఆవో బర్రో ఈనినాక మొదటి పాలకు బెల్లం, మిరియాలు, యాలకులు కలిపి ఆవిరి మీద పెడితే గడ్డ కడతాది. గుడ్డు లేదు, పిండి లేదు. మామూలు పాలు ఎంత కాచినా అట్ల కట్టవు. ఎందుకు? దూడకు రోగాలు రాకుండా కాపాడే ప్రోటీన్లు ఆ మొదటి పాలలో చానా ఎక్కువ ఉంటాయి. ప్రోటీను అంటే ఉండ చుట్టిన దారం అనుకోండి. వేడి తగిలితే ఉండ విప్పుకుంటాది. విప్పుకున్న దారాలు ఒకదానికొకటి చిక్కుకొని వల అవుతాయి. ఆ వలలో నీళ్లు నిలిచిపోతాయి. అదే గడ్డ. మళ్లీ చల్లబెట్టినా దారం ఉండ కాదు. కాబట్టి ఇది తిరిగి రాని మార్పు. మంచు కరగడం, నీళ్లు గడ్డకట్టడం లాంటిది కాదు.

రెండోది గుడ్డు. ఇక్కడా అదే వల. గుడ్డు తెల్లసొన సుమారు 60 డిగ్రీలు దాటినాక గట్టిపడ్డం మొదలు పెడతాది. దాంట్లో పాలు, చక్కెర కలిపితే దారాలు దూరం దూరమవుతాయి, చిక్కుకునేదానికి ఇంకా వేడి కావాల. 80 డిగ్రీలు దాటినాక గాని గడ్డ కట్టదు. ఇంకా వేడి ఎక్కిస్తే ఏమవుతాది? వల బిగుసుకుంటాది. తడి గుడ్డను పిండినట్లు లోపలి నీళ్లను బయటికి నెట్టేస్తాది. దాన్నే మనం "విరిగింది" అంటాం. గడ్డ కట్టే వేడికీ విరిగే వేడికీ మధ్య సందు చానా చిన్నది. ఈ వంటలో కష్టమంతా ఆ సందులోనే ఉంది.

మూడోది పిండి. ఇది మనకు పుట్టినప్పటి నుంచి తెలుసు. సంగటి కెలికేటప్పుడు ఎసట్లో పిండి పడగానే నీళ్లు చిక్కబడతాయి కదా. పిండి రేణువులు వేడి నీళ్లు తాగి ఉబ్బుతాయి. అంగట్లో అమ్మే కస్టర్డు పొడి అంటే మొక్కజొన్న గంజిపిండి, రంగు, వాసన, అంతే. అందులో గుడ్డు లేదు. దాన్ని 1837లో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ ఊళ్లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల అంగడాయన తయారు చేసినాడు. ఆయన భార్యకు గుడ్డు పడేది కాదు. ఆమె కోసం గుడ్డు లేని కస్టర్డు చేసినాడు. మన హాస్టల్లో శనివారం గుడ్డు ముట్టని వాళ్లు ఉన్నారు, వాళ్లకు ఈయన పనికొస్తాడు.

కస్టర్డు పొడి వాసన వెనిల్లాది. ఇప్పుడు చానా వరకు ఆ వాసనను కృత్రిమంగా చేస్తారు. అసలు వెనిల్లా ఒక తీగకు కాసే కాయ. దాని సొంత దేశం మెక్సికో పక్క. తీగను వేరే దేశాలకు తీసుకుపోతే పూలు పూసేది కానీ కాయ కాసేది కాదు, ఎందుకంటే అక్కడి తేనెటీగలు ఇక్కడ లేవు. 1841లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ అనే 12 ఏళ్ల పిల్లవాడు దీనికి ఉపాయం కనిపెట్టినాడు. సన్న పుల్లతో పూవు లోపలి పొరను ఎత్తి, బొటనవేలితో పుప్పొడి అద్దినాడు. ఈ రోజుకీ వెనిల్లా తోటల్లో అట్లనే చేతితో అద్దుతారు. ఆ పిల్లవాడు బానిస. బడి మొహం చూడలేదు. 1848లో అక్కడ బానిసత్వం పోయినాక ఆల్బియస్ అనే ఇంటిపేరు ఇచ్చినారు. దీవి అంతా ఆ ఉపాయంతో బాగుపడింది, ఆయన మాత్రం 1880లో పేదగానే చచ్చిపోయినాడు. నేను ఈ వంటలో యాలకులే వాడినాను. అయినా ఆయన పేరు మన గోడ మీద ఒకసారి ఉండాలనిపించింది.

బేరిపండు

మనలో సగం మంది బేరిపండును బొమ్మలోనే చూసింటారు. మన పక్క కాయదు. ఆపిలు మాదిరి ఇది కూడా చలి దేశపు చెట్టు, గులాబీ కుటుంబం. చలికాలంలో ఆకు రాల్చి, కొన్ని వారాలు చలిలో నిద్రపోతే గాని మొగ్గ విప్పదు. మన కర్నూలు, కడప ఎండలకు దానికి నిద్ర యాడ పడతాది! కాశ్మీరు, హిమాచల్, పంజాబు నుంచి, ఇటు తమిళనాడులో నీలగిరి, కొడైకెనాల్ కొండల నుంచి వస్తాది.

సాంఘికశాస్త్రంలో హ్యూయన్‌త్సాంగ్‌ను చదివినాం కదా. 7వ శతాబ్దంలో చైనా నుంచి వచ్చినాయన. కనిష్కుని కాలంలో చైనా పక్క నుంచి బందీలుగా వచ్చినవాళ్లు పంజాబు ప్రాంతంలో ఉన్నారని, బేరిపండును, పీచ్ పండును మన దేశానికి తెచ్చింది వాళ్లేనని ఆయన రాసినాడు. బేరిపండును అక్కడివాళ్లు "చీనరాజపుత్ర" అని పిలిచేవాళ్లంట. చైనా రాజు కొడుకు! మన సీతాఫలం, జామ కూడా ఇక్కడివి కావు, అమెరికా ఖండం నుంచి వచ్చినవే అని శాస్త్రజ్ఞులు చెబుతారు. సీతమ్మ పేరు పెట్టుకొని మన అడివిలో కలిసిపోయినాది. పండుకు కులం లేదు, ఎక్కడ వేరు పడితే అక్కడిది.

టీచరు నంద్యాలలో పండ్ల బండి దగ్గర నాలుగు బేరిపండ్లు తెచ్చినారు. రాయి మాదిరి ఉన్నాయి. బేరిపండును చెట్టు మీద మాగనివ్వరు, కాయగానే కోస్తారు. చెట్టు మీదే వదిలేస్తే లోపల ముందు మెత్తబడి, బయటికి తెలిసేలోపల గింజ దగ్గర కుళ్లు పడతాది. కోసినాక ఎథిలీన్ అనే వాయువు పండు తనంతట తానే వదులుతాది, దానితోనే మాగుతాది. మా ఇంట్లో సీతాఫలాలను గంపలో గడ్డి మధ్య పెట్టి మూస్తారు. వాయువు బయటికి పోకుండా అన్నమాట. బేరిపండ్లను కూడా వంటక్క బియ్యం డబ్బాలో, ఒక అరటిపండు తోడు పెట్టింది. నాలుగు రోజులకు మాగినాయి. మాగిందీ లేనిదీ తెలుసుకునేదానికి కడుపు దగ్గర నొక్కవద్దు. తొడిమ పక్కన మెడ దగ్గర బొటనవేలితో నొక్కండి. అక్కడ కొంచెం లోపలికి పోతే సరి.

కొరికితే పంటికి సన్న ఇసుక మాదిరి తగులుతాది. అది మట్టి కాదు. మన జీవశాస్త్రం కణజాలాల పాఠంలో దృఢకణజాలం ఉంది చూడండి, అందులో రాతి కణాలు. గోడలు లిగ్నిన్‌తో దిట్టంగా కట్టుకున్న కణాలు. ఎంత ఉడకబెట్టినా అవి మెత్తబడవు. జామపండులో పంటికి తగిలేది కూడా అవే. పరీక్షలో ఉదాహరణ రాయమంటే బేరి, జామ అని రాయండి. మార్కు పోదు.

రెండు గ్లాసుల ప్రయోగం

వంట మొదలు పెట్టకముందు టీచరు ఒక ప్రయోగం చేయించినారు. ఒక గుడ్డు, ఒక టీ గ్లాసు పాలు, రెండు చెంచాల చక్కెర కలిపి రెండు స్టీలు గ్లాసుల్లో సమానంగా పోసినాం. కాగిన ఇసుకలో ఒక గ్లాసును నేరుగా నాటినాం. రెండోదాన్ని నీళ్లు పోసిన గిన్నెలో నిలబెట్టి, ఆ గిన్నెను ఇసుక మీద పెట్టినాం. రెండిటికీ మూత. మొదటిది తొందరగా గట్టిపడింది. చెంచా పెడితే జల్లెడ మాదిరి బొక్కలు, అడుగున పచ్చగా నీళ్లు. రెండోదానికి రెట్టింపు సేపు పట్టింది. కానీ జున్ను మాదిరి నున్నగా వచ్చింది.

కారణం మీకు తెలుసు. నీళ్లు ఎంత మంట పెట్టినా 100 డిగ్రీలు దాటవు. మిగిలిన వేడి అంతా నీటిని ఆవిరి చేసేదానికి పోతాది, అది గుప్తోష్ణం. ఇసుకకు అట్లాంటి హద్దు లేదు. కాబట్టి నీళ్ల గిన్నె మన కస్టర్డుకు కాపలాదారు. కారణం చదివి పరీక్ష రాసినాం గాని, దాన్ని చెంచాతో తినింది అప్పుడే.

ఇక వంట. ఇంట్లో చదివి వినిపించేటట్లు రాస్తున్నా.

ఎనిమిది మందికి రెండు మాగిన బేరిపండ్లు, అర లీటరు పాల ప్యాకెట్టు ఒకటి, గుడ్లు మూడు. చక్కెర టీ గ్లాసుకు ముక్కాలు. మైదా గాని కస్టర్డు పొడి గాని రెండు పెద్ద చెంచాలు, గీసి సమానం చేసి. నెయ్యి ఒక చెంచా, యాలకులు నాలుగు, ఉప్పు చిటికెడు. మన క్లాసుకైతే దీనికి నాలుగింతలు.

ముందు పొయ్యి. దిట్టమైన పాత డబరాలో రెండు వేళ్ల మందం పొడి ఇసుక పోయాల. వంక ఇసుక అయితే కడిగి ఎండబెట్టి జల్లించాల. ఇసుక మీద మూడు పెంకు ముక్కలు పెట్టండి. వంకలో దొరికే గుండ్రాళ్లు పెట్టవద్దు, లోపల తడి ఉంటే వేడికి పగిలి ఎగురుతాయి. మూత పెట్టి సన్న మంట మీద కాగనివ్వండి. వేడి సరిపోయిందా అని చూసేదానికి ఒక చిన్న మూతలో చిటికెడు మైదా వేసి లోపల పెట్టి, డబరా మూసి, నిదానంగా అంకెలు లెక్కపెట్టండి. నూరు లెక్క లోపలే మాడితే మంట ఎక్కువ, కట్టెలు లాగేయండి. మూడు వందలకు లేత గోధుమ రంగు తిరిగితే సరి. మూడు వందలకూ తెల్లగానే ఉంటే ఇంకా కాగాల. పుస్తకంలోని 180 డిగ్రీల బదులు మాకు ఈ చిటికెడు పిండి పనికొచ్చింది. లెక్క రానివాళ్లు పాట పాడుకోవచ్చు, ఎన్నిసార్లు పాడితే మూడు వందలు అవుతాయో ఇంట్లో చదువుకునే పిల్ల చెబుతాది.

పొయ్యి కాగేలోపల పండ్ల తోలు తీసి, నడుమ గింజల గూడు తీసేసి, వేలి మందం ముక్కలు కోయండి. కోసిన ముక్క గాలికి నల్లబడతాది, కాబట్టి ఉప్పు నీళ్లలో వేయాల. నిమ్మరసం వద్దు, పులుపు పాలను విరుస్తాది. బేరిపండులో నూటికి 84 పాళ్లు నీళ్లే. ఆ నీళ్లు కస్టర్డులోకి దిగితే గడ్డ సరిగా కట్టదు. అందుకని ముక్కలను వడగట్టి, నెయ్యిలో ఒక చెంచా చక్కెరతో, తడి ఇంకేదాకా వేయించాల. ఈ పని చానామంది వదిలేస్తారు. వదలవద్దు. చక్కెర అంచుల్లో ఎర్రబడితే మంచి వాసన వస్తాది, వంటింటి బయట ఎనిమిదో తరగతి వాళ్లు చేరతారు.

గిన్నెలో మిగిలిన చక్కెర, పిండి, ఉప్పు, యాలకుల పొడి ముందు పొడిగానే కలపండి. అట్ల కలిపితే ఉండలు కట్టవు. గుడ్లు కొట్టి వేసి గంటెతో బాగా కలపండి, నురగ రావాలని లేదు. పాలు వేలు పెడితే ఓర్చుకునేంత వేడి ఉండాల, మరిగిన పాలు పోస్తే గుడ్డు అప్పుడే ఉడికిపోతాది. పాలను సన్న ధారగా పోస్తూ కలిపి, టీ జల్లెడలో వడగట్టండి. పిండి ఎందుకంటే, పిండి రేణువులు ఉబ్బి గుడ్డు దారాల మధ్య అడ్డం నిలుస్తాయి. వల తొందరగా బిగుసుకోదు. మంట కొంచెం అటూ ఇటూ అయినా వంట నిలుస్తాది. కట్టెల పొయ్యి వాళ్లకు ఈ రెండు చెంచాలే ధైర్యం.

వెడల్పు గిన్నెకు గాని మట్టి సట్టికి గాని నెయ్యి పూసి, ముక్కలు పరిచి, పాలు పోయండి. ఆ గిన్నెను ఇంకో పళ్లెంలో పెట్టి, పళ్లెంలో రెండు వేళ్ల లోతు వేడి నీళ్లు పోసి, డబరాలో పెంకు ముక్కల మీద పెట్టండి. మూత వేసి, మూత మీద పది పన్నెండు నిప్పులు పటకారుతో పెట్టండి. ఇది వంటక్క గాని పెద్దవాళ్లు గాని చేయాల. పైన నిప్పులు లేకుంటే పై భాగం తెల్లగా ఉంటాది.

ఇక ఒక పీరియడు సేపు, అంటే 45 నిమిషాలు. మా గూడెం లెక్కలో బోరింగు దాకా రెండుసార్లు పోయి బిందె తెచ్చేంత సేపు. మధ్యలో మూత తెరవవద్దు. తర్వాత తీసి గిన్నెను కొంచెం కదిలించండి. అంచులు నిలిచి, నడుమ మాత్రం జున్ను మాదిరి వణకాల. కడిగిన ఈనె గుచ్చితే పాలు అంటుకోకూడదు. నడుమ కూడా రాయి మాదిరి అయ్యేదాకా ఉంచితే బయటికి తీసినాక తన వేడికి తానే ఇంకా ఉడికి విరుగుతాది. పూర్తిగా చల్లారినాక కోయండి.

గుడ్డు తిననివాళ్లు పాలలో నాలుగు చెంచాల కస్టర్డు పొడి వేయాల. ముందు చల్లని పాలలో కరిగించి, తర్వాత కాగే పాలలో పోసి, కలుపుతూ ఒక పొంగు రానిచ్చి దించాల. వేయించిన ముక్కలను ఒక్కటే ఇసుక పొయ్యిలో పెట్టి, ఈ పాలు పైన పోసుకోవడమే.

పోయిన నెల పిల్లలను చూసే ఆదివారం మాయమ్మ వచ్చినప్పుడు, గేటు దగ్గర చింతచెట్టు కింద కూర్చోబెట్టి ఇదంతా చదివి వినిపించినాను. మధ్యలో అడక్కుండా విన్నది. చివరకు రెండు మాటలు చెప్పింది. ఒకటి, మూత మీది నిప్పుల మీద గుప్పెడు బూడిద చల్లితే అవి తొందరగా ఆరిపోవు, ఎగసి మండవు, ఒకే తీరుగా ఉంటాయంట. మేము తర్వాత చేసి చూస్తే నిజమే, పై భాగం సమానంగా ఎర్రబడింది. కాబట్టి పైన రాసిన పద్ధతికి ఆ గుప్పెడు బూడిద కూడా కలుపుకోండి, అది మాయమ్మ కలిపింది. రెండో మాట, "ఆ పండు మనకు యాడ దొరుకుతాది?"

ఆ రెండో మాటకు జవాబు కావాల. బేరిపండు బదులు జామ పెట్టవచ్చు. దోర జామపండ్లను తోలు తీసి, గింజల భాగం చెంచాతో తీసేసి, బేరి ముక్కల మాదిరే వేయించాల, ఇంకొంచెం ఎక్కువ సేపు. రాతి కణాలు రెండిటిలోనూ ఉన్నాయి కాబట్టి పంటికి కూడా దగ్గరగా ఉంటాది. వాసన మాత్రం జామదే. నాకైతే బేరి కంటే జామదే బాగుంది, టీచరు ఒప్పుకోలేదు.

సీతాఫలం సంగతి వేరు. అది మన నల్లమల పండు, దసరా నుంచి కార్తీకం దాకా కావలసినంత. మాయమ్మ వాళ్లు గింజల గళ్ల మధ్య గీతలు తెల్లబడినప్పుడు కోస్తారు. గంపతో అంగడి దాకా మోసేలోపల కొన్ని మాగి విచ్చుకుంటాయి. వాటిని కొనేవాడు తీసి పక్కన పెడతాడు, లెక్కలోకి రావు. పోయిన కార్తీకంలో ఒక గంపలో మూడో వంతు అట్ల పోయింది. తినగలిగినంత తిని, మిగిలింది మేకలకు వేసినాం. ఆ పండ్లను ఈ వంటలో వాడవచ్చా? వాడవచ్చు, కానీ వేడి తగలకూడదు. సీతాఫలం గుజ్జును ఉడికిస్తే చేదెక్కుతాది, రంగు మారుతాది. ఎంత చక్కెర వేసినా ఆ చేదు పోదు. కాబట్టి కస్టర్డును పండు లేకుండా ఒంటిగా చేసి, పూర్తిగా చల్లారినాక గింజలు తీసిన గుజ్జును కలిపి అప్పటికప్పుడే తినాల. దీన్ని అమ్మి డబ్బు చేసుకోవచ్చని నేను చెప్పడం లేదు. పాలు, గుడ్ల ఖర్చు పండు ఖర్చు కంటే ఎక్కువ, ఐసు పెట్టె లేకుంటే సాయంత్రానికి పుల్లబడతాది. కానీ విచ్చిన పండు మేకలకు పోయే రోజు ఇంట్లో పిల్లలకు గుడ్డు, పాలు, పండు ఒకేసారి కడుపులో పడతాయి.

ఒక జాగ్రత్త. సీతాఫలం గింజలను గుజ్జుతో పాటు మిక్సీలో వేయవద్దు, గింజ లోపలి పప్పు విషం. పేలకు ఆ గింజల పొడి తలకు రుద్దుకునే వాళ్లు మన హాస్టల్లో ఉన్నారు. అది కంట్లో పడితే కన్ను దెబ్బ తింటాది. పేలకు దువ్వెన ఉంది, నర్సమ్మ ఇచ్చే మందు ఉంది.

వార్డెనమ్మ గారికి ఒక మనవి. మన క్లాసు 34 మందికి 12 గుడ్లు, 2 లీటర్ల పాలు చాలు. గుడ్డు పెట్టే రోజు మా క్లాసు గుడ్లలో 12 ఇటు ఇస్తే, మిగిలిన 22 గుడ్లను సగం సగం పంచుకుంటామని అందరం సంతకాలు పెట్టినాం. కాగితం టీచరు దగ్గర ఉంది. కట్టెలు మేమే తెస్తాం.

ఇప్పుడు ప్రశ్నలు. జవాబులు రాసి గోడ కింద డబ్బాలో వేయండి.

1. మామూలు పాలను ఎంత కాచినా జున్ను కాదు. ఎందుకు?

2. నీళ్ల పళ్లెంలో నీళ్లు మధ్యలో ఇంకిపోతే కస్టర్డు ఏమవుతుంది? ఏ పక్క ముందు విరుగుతుంది?

3. మీ అవ్వ గాని మీ అమ్మ గాని నీళ్లు, నూనె లేకుండా వేడితో చేసే వంట ఒకటి రాయండి. సుగాలి, యానాది, ఎరుకల, చెంచు ఇళ్ల నుంచి ఒక్కొక్కటైనా రావాల. ఏ ఊరో కూడా రాయండి.

వాడిన ఇసుకను పారబోయలేదు. వంటింటి వెనక మూత ఉన్న నూనె డబ్బాలో పోసి పెట్టినాం. దాంట్లో ఎవరూ చేతులు, గిన్నెలు కడగవద్దు. తడిస్తే మళ్లీ ఎండబెట్టేదానికి రెండు రోజులు పడతాది.